నారికురుపు: జెనీవా తీర్మానం, మన దిగుడుబావి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో దిగుడుబావులను మీరు చూచియే ఉంటారు. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలలో అట్టి బావుల నుండే నారికురుపు వ్యాపించేది. త్రాగిన నీటితో లోనికి పోయిన పురుగు, ఏడాది తరువాత మూరెడుకు మించిన పొడవుతో కాలిచర్మాన్ని చీల్చుకొని వెలువడేది. ఆ కాలు బావిలో మోపితే నీరు మరల కలుషితమయ్యేది. దీనికి మందు లేదు, టీకా లేదు.

1948లో ఏర్పడిన ప్రపంచ ఆరోగ్య సంస్థలో విధాన నిర్ణయం సభ్యదేశాలన్నీ కూడే ఆరోగ్య సభది. 34 మంది సభ్యుల కార్యనిర్వాహక మండలి ఆ సభకు సలహానిస్తుంది. డైరెక్టర్ జనరల్ అధీనంలోని సచివాలయం పని నడుపుతుంది. మన ప్రాంతీయ కార్యాలయం ఢిల్లీలో ఉన్నది. అయితే ఏ ఊరి బావినైనా మూయించే అధికారం ఆ సంస్థకు లేదు.

నారికురుపు నిర్మూలనకు 1986లో ఆ సభ తీర్మానించింది. అంతకుముందే మన దేశం జాతీయ కార్యక్రమం చేపట్టింది. దిగుడుబావులు చేదబావులుగా మారాయి, చేతిపంపులు వచ్చాయి, గృహిణులు నీటిని గుడ్డతో వడకట్టారు. చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించాడు. మూడేళ్ళకు పైగా నిఘా సాగిన పిదప, 2000లో సంస్థ మన దేశానికి విముక్తి ధ్రువపత్రమిచ్చింది.

తీర్మానం జెనీవాది, శ్రమ మన పల్లెలది. విరేచనాలు, కామెర్లు నేటికీ నీటి ద్వారానే వస్తున్నాయి. మీ ఊరి ట్యాంకును కడిగి, క్లోరిన్ కలుపుతున్నారో లేదో పంచాయతీని అడగండి.