356 మైళ్ళు నడిచిన కారు

నిరుడు దసరా సెలవుల్లో మేము హైదరాబాద్ పోయినాము. చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనక ఒక పసుపురంగు కారు ఉంది. చరిత్ర వ్యాసం రాయమని సారు చెప్పగానే నాకు అదే గుర్తుకు వచ్చింది. రాయచూరు వాళ్ళకు నిజాం కారుతో ఏం పని అని అడగవచ్చు. 1860 నుంచి 1948 దాకా మన జిల్లా నిజాం పాలనలోనే ఉండింది. కర్ణాటకలో (అప్పటి మైసూరు రాష్ట్రంలో) కలిసింది 1956లో.

ఆ కారు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1911లో దానికోసం ఆర్డర్ ఇచ్చాడు. అప్పట్లో ఆ కంపెనీ ఇంజను, చట్రం మాత్రమే చేసేది. పైన బాడీ కట్టేది వేరేవాళ్ళు. దీనికి లండన్‌లోని బార్కర్ వాళ్ళు కట్టారు. పైకప్పు గుమ్మటంలాగా ఉంటుంది. వెనక సీటు మామూలు సీటు కాదు, ఎత్తుగా వేసిన సింహాసనం.

నేను సింహాసనం చూస్తూ నిలబడితే, మా కాక మాత్రం ముందు బానెట్ దగ్గరే నిలబడిపోయాడు. ఆయనకు రాయచూరులో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఇంజను గురించి నేను చదివింది చెబుతూ ఉంటే ఆయన నాకు అర్థం చేయించాడు. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, మూడు మూడుగా రెండు దిమ్మలుగా పోత పోసినవి. మొత్తం 7,428 సీసీ. మా స్కూటీ 110 సీసీ! వాల్వులు సిలిండరు నెత్తిన కాకుండా పక్కన ఉంటాయి. సిలిండరు, దాని హెడ్డు ఒకే పోత. "అంటే హెడ్ గాస్కెట్ కాలిపోయే బాధే లేదురా" అని కాక నవ్వాడు. ఒక్కో సిలిండరుకు రెండు ప్లగ్గులు, ఒకదానికి మాగ్నెటో నుంచి, ఇంకోదానికి బ్యాటరీ, కాయిల్ నుంచి కరెంటు. ఒకటి పోయినా బండి ఆగదు. క్రాంకు షాఫ్టుకు ఏడు బేరింగులు, వాటికి ఆయిలు ఒత్తిడితో అందుతుంది. ఇంజను అదరకుండా మెత్తగా తిరగడానికి ఇవే కారణమని కాక అన్నాడు. అందుకే ఘోస్ట్, అంటే దయ్యం అని పేరు పెట్టారు, చప్పుడు లేకుండా వస్తుందని.

లోపాలు లేవని కాదు. స్టార్ట్ చేయాలంటే ముందు హ్యాండిల్ వేసి తిప్పాలి. ముందు చక్రాలకు బ్రేకులే లేవు, అవి 1924లో వచ్చాయి. గేర్లు మూడే. 1912లో ఇలాంటి మూడు గేర్ల బండి ఒకటి ఆస్ట్రియా కొండల పోటీలో నిటారు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. మరుసటి ఏడాది నాలుగు గేర్లతో వచ్చి అవే కొండలు ఎక్కారు.

ఈ మోడల్‌కు పేరు తెచ్చిన బండి 1907 నాటిది. అది వెండిరంగు వేసిన టూరింగ్ కారు, పైన కప్పు లేనిది. లండన్, గ్లాస్గో మధ్య 15,000 మైళ్ళ పరీక్ష పెట్టారు. 629 మైళ్ళ దగ్గర కుదుపుకు పెట్రోలు కుళాయి తనంతట తానే మూసుకుపోయి ఒక్కసారి ఆగింది. తర్వాత 14,371 మైళ్ళు ఎక్కడా చెడిపోలేదు. చివర్లో ఇంజను విప్పి చూస్తే, అరిగిన భాగాలు మార్చడానికి అయిన ఖర్చు రెండు పౌన్లకు కాస్త ఎక్కువ.

మరి మన నిజాం బండి? దాని మీటరులో 356 మైళ్ళే ఉన్నాయని చెబుతారు. రాయచూరు నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు పోయి వచ్చినా అంతకంటే ఎక్కువే అవుతుంది. కారు చేరేలోపే, 1911 ఆగస్టులో, మహబూబ్ అలీ పాషా చనిపోయాడు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఎప్పుడో ఊరేగింపుకు తప్ప తీయలేదు. 15,000 మైళ్ళకు చెక్కుచెదరని ఇంజనును కొని షెడ్డులో పెట్టారన్నమాట.

నాకు దీనిమీద కొంచెం కోపం వచ్చింది. నిజాం సొంత ఖర్చుకు సర్ఫ్-ఎ-ఖాస్ అనే భూములు ఉండేవి. వాటి శిస్తు కట్టింది రైతులే కదా. వాళ్ళు బండ్లమీద, కాలినడకన తిరిగారు. "ఇంజనుది తప్పు కాదురా, అది తిరగడానికే పుట్టింది" అని కాక దాని పక్షమే మాట్లాడాడు.

మామూలు జనం ఎక్కే బండ్లు తర్వాత వచ్చాయి. ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలోనే 1932 జూన్‌లో నిజాం రైల్వే రోడ్డు శాఖ 27 ఆల్బియన్ బస్సులతో మొదలైంది. అవి కూడా బ్రిటన్‌వే, గ్లాస్గోలో తయారైనవి. అవి ఎన్ని మైళ్ళు తిరిగాయో ఎవరూ 356 లాగా గుర్తు పెట్టుకోలేదు.

బయటికి వచ్చేటప్పుడు కాక అక్కడి కాపలా ఆయనను "ఇంజను ఇప్పుడు స్టార్ట్ అవుతుందా అన్నా?" అని అడిగాడు. ఆయన నవ్వి, టైమ్ అయింది, పదండి అన్నాడు.