ఆంకెతిల్ దుపెరాన్

ఆంకెతిల్ దుపెరాన్ (1731–1805): పార్సీల పవిత్ర గ్రంథం అవెస్తాను తొలిసారి ఐరోపా భాషలోకి తెచ్చిన ఫ్రెంచి పండితుడు. జన్మస్థలం పారిస్. ఆక్స్‌ఫర్డ్‌లోని అవెస్తా భాగమైన వెందీదాద్ ప్రతి నుంచి దించిన నాలుగు పత్రాలు 1754లో ఆయన కంటపడ్డాయి. ఆ లిపి చదవగలవారు ఐరోపాలో లేరు. మరుసటి ఏడే భారతదేశానికి బయలుదేరాడు.

పుదుచ్చేరి, బెంగాల్ తిరిగి, 1758లో సూరత్ చేరాడు. ఈ రేవు పట్టణం అప్పట్లో పార్సీలకు పెద్ద నెలవు. దస్తూర్ దారాబ్ అనే పురోహితుడి వద్ద, పారసీ మాధ్యమంగా, అవెస్తా, పహ్లవీ భాషలు నేర్చుకున్నాడు. పరమతస్థుడికి పవిత్ర గ్రంథాలు విప్పి చెప్పడం గురువుకు అంత తేలిక కాలేదు. శిష్యుడూ సాధువేమీ కాదు. సూరత్‌లో సాటి ఫ్రెంచివాడిని ద్వంద్వయుద్ధంలో చంపాడు.

1761లో ఊరు విడిచి, 1762లో సుమారు 180 రాతప్రతులతో పారిస్ చేరి, వాటిని రాజ గ్రంథాలయానికి అప్పగించాడు. ఆయన అనువాదం ‘జెంద్ అవెస్తా’ 1771లో మూడు సంపుటాలుగా వెలువడింది. విలియం జోన్స్ అదంతా బూటకమని ఎద్దేవా చేశాడు. సంస్కృతంలో అంతటి పేరు గడించబోయే జోన్స్ ఇక్కడ మాత్రం పొరబడ్డాడు. 1826లో డేనిష్ పండితుడు రాస్క్ అవెస్తా ప్రాచీనతను సమర్థించాడు. అనువాదంలో తప్పులు లేకపోలేదు. వాటిని సరిదిద్దడంలో యూజెన్ బర్నూఫ్‌కు సంస్కృతం తోడ్పడింది.

మొఘల్ యువరాజు దారా షికో పారసీలో చేయించిన ఉపనిషత్తులను దుపెరాన్ లాటిన్‌లోకి మార్చాడు (1801–02). జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హావర్ ఉపనిషత్తులు చదివింది ఈ పుస్తకంలోనే.