చుక్కల లిపి నుండి పలికెడి ఫోను వరకు

చదువుట కంటి పని యని లోకము తలచుచున్నది. కాని చరిత్రను పరికించినచో చదువు కంటికి మాత్రమే కట్టుబడినది కాదనియు, వ్రేలి కొనకును చెవికిని కూడ అది లొంగుననియు తేలుచున్నది. గడచిన రెండు శతాబ్దములలో ఈ మార్పు జరిగిన తీరును, అది నేడు మన చేతిలోని ఫోను వరకు వచ్చిన క్రమమును సంగ్రహముగా వివరించుట ఈ వ్యాసోద్దేశము. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పని చేయు మనకు ఇది కేవలము విజ్ఞాన విషయము కాదు. మన ప్రక్క బల్ల వద్ద కూర్చుండి ఫైలును చెవితో చదువు సహోద్యోగి బ్రతుకుతో ముడివడిన విషయము.

ఫ్రాన్సు దేశమున కూవ్రే గ్రామములో 1809వ సంవత్సరమున జన్మించిన లూయీ బ్రెయిల్, పసితనమున తండ్రి పనిముట్టు కంటికి గ్రుచ్చుకొని చూపు కోల్పోయెను. ఆ కాలమున సాధారణాక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చొత్తి, వానిని తడిమి చదువుడని అంధులకు చెప్పెడివారు. చూపుగలవారి కంటికి ఇంపైన ఆ పద్ధతి అంధుల వ్రేలికి మిక్కిలి ప్రయాసకరము. పైగా, చదువుటకు ఎట్లో వీలైనను వ్రాయుటకు వీలు లేదు. షార్ల్ బార్బియే అను సైనికాధికారి 12 చుక్కలతో కల్పించిన వేరొక లిపిని బ్రెయిల్ పరీక్షించి, వ్రేలి కొన ఒక్క స్పర్శలో గ్రహింపగల 6 చుక్కలకు దానిని కుదించెను. 1824 నాటికి, అనగా పదునైదేండ్ల ప్రాయముననే, ఆతడు రూపొందించిన ఈ లిపి 1829లో గ్రంథస్థమైనది. ఆరు చుక్కల కూర్పుతో 63 గుర్తులు ఏర్పడును. చూపుగలవారు అంధుల కొఱకు ఊహించినది నిలువలేదు. అంధుడు తన వ్రేలితో పరీక్షించి తీర్చినది నిలిచినది. ఈ చరిత్ర యంతటను ఈ సత్యమే మరల మరల కన్పట్టును.

భారతదేశమున తొలి అంధ పాఠశాల 1887లో అమృతసరమున ఆనీ షార్ప్ అను మిషనరీ వనితచే స్థాపింపబడెను. అటు పిమ్మట బ్రెయిల్ లిపి వ్యాపించినదే గాని, ప్రాంతమునకొక తీరుగా, సంస్థకొక తీరుగా చుక్కలు కేటాయింపబడుటచే ఒకరి పుస్తకము వేరొకరికి పనికిరాని దుఃస్థితి యేర్పడెను. స్వాతంత్ర్యానంతరము 1949లో మన ప్రభుత్వము ఈ విషయమై యునెస్కో సహాయమును కోరెను. 1951లో బీరూట్ నగరమున జరిగిన సమావేశము నాటికి చర్చలు ఒక కొలిక్కి వచ్చి, భారతీయ భాషల కన్నిటికి సమానమైన భారతీ బ్రెయిలు అవతరించెను. ఆ యేడే డెహ్రాడూనున కేంద్ర బ్రెయిలు ముద్రణాలయము ప్రారంభమైనది.

ఇందలి విశేషమును మన సభ్యులు గమనింపవలెను. భారతీ బ్రెయిలునందు తెలుగు 'క'కును, హిందీ 'క'కును, బెంగాలీ 'క'కును చుక్కలు ఒక్కటే. ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలకు కూర్చున్న మనకు నాగరి లిపిని వేరుగా దిద్దుకొనవలసి వచ్చినది. భారతీ బ్రెయిలు నేర్చిన తెలుగు విద్యార్థికి ఆ శ్రమ లేదు. భాష నేర్చిన చాలును. దేశమున కంతటికి ఏక లిపి కావలెనని పెద్దలెందరో కలలు గనిరి. ఆ కల చూపుగలవారికి నెరవేరలేదు గాని, చూపులేనివారికి ఏనాడో నెరవేరినది.

ఐనను బ్రెయిలు గ్రంథములు బరువైనవి, అరుదైనవి. ఒక చిన్న నవలయే అనేక సంపుటములగును. ఈ యిబ్బందికి రెండవ దారి చెవి. 1976లో అమెరికాలో రే కర్జ్‌వైల్ అచ్చు పుటను చూచి బిగ్గరగా చదువు యంత్రమును ప్రదర్శించెను. తరువాత కంప్యూటరు తెరపైనున్న దానిని పలికెడి స్క్రీన్ రీడర్లు పుట్టినవి. వానిలో ప్రసిద్ధమైన జాస్, ప్రమాదమున చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ కృషి ఫలితముగా 1989లో వెలువడెను. దాని వెల మన దేశపు సామాన్యునికి అందనిది. ఆ లోటును తీర్చినది 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ ప్రారంభించిన ఎన్‌వీడీఏ. ఆయనయు, ఆయనతో చేరిన జేమ్స్ టే యును అంధులే. వారు దానిని ఉచితముగా లోకమునకు ఒసంగిరి. దానితో పాటు వచ్చు ఈ-స్పీక్ అను ఉచిత వాణి తెలుగును సైతము పలుకును.

ఇంతలో ఒక గండము వచ్చినది. పాత మొబైల్ ఫోనునకు మీటలుండెను. వ్రేలు వానిని గుర్తుపట్టెను. 2007లో ఐఫోను వచ్చినప్పుడు మీటలు పోయి నున్నని గాజు పలక మిగిలినది. తడుముటకు ఏమియు లేని పలక అంధునకు మూసిన తలుపు వంటిది. ఆ తలుపును తెరచిన ఉపాయము మిక్కిలి సులభము. చూచుటను, మీట నొక్కుటను కంటిగలవాడు వేర్వేరుగా చేయుచున్నాడు. గాజుపై వ్రేలు మోపినంతనే ఆ రెండును ఏకమగుచున్నవి. వానిని మరల విడదీసిన చాలును. వ్రేలు మోపినచో అచ్చట నున్నదేమో ఫోను పలుకును. రెండు మార్లు తట్టినచో ఆ పని జరుగును. ప్రక్కకు జరపినచో తరువాతి అంశమునకు పోవును. 2008లో అమెరికా పరిశోధకులు స్లైడ్ రూల్ పేర ఇట్టి పద్ధతిని ప్రదర్శించిరి. 2009లో ఐఫోను 3జీఎస్‌తో వాయిస్‌ఓవర్ అను సాధనము ఫోనులోనే అంతర్భాగముగా వచ్చెను. వేరుగా కొనవలసిన పని లేదు. తెరను పూర్తిగా చీకటి చేసియు ఫోనును వాడుకొనవచ్చును. బస్సులో ప్రక్కనున్నవాడు ఉత్తరమును తొంగి చూచునను భయము అట్టివారికి లేదు.

మన దేశమున అత్యధికులు వాడునది ఆండ్రాయిడ్ ఫోను. దానికి 2009లోనే టాక్‌బ్యాక్ అను సాధనము వచ్చినది. ఇందు పాటుపడినవారిలో టి.వి. రామన్ ముఖ్యుడు. పుణెలో పుట్టి, పదునాలుగవ యేట చూపు కోల్పోయి, బొంబాయి ఐఐటీలో చదివి, గణిత గ్రంథములను చెవికి వినిపించు విధానముపై 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిన మేధావి ఆయన. గాజును తడిమి తెలుసుకొను సౌకర్యము ఆండ్రాయిడునందు 2011లో సమకూడెను. కెమేరా కూడ కంటి పనికి తోడు వచ్చినది. 2016లో నోట్ల పరిమాణములు మారి అంధులు తికమకపడిరి. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు విడుదల చేసిన మణి యను యాప్ నోటు విలువను చూచి చెప్పును. ఇందుకు ఇంటర్నెట్టు అవసరము లేదు.

చూపున్నను చేతులు స్వాధీనములో లేనివారి సమస్య వేరు. పక్షవాతముచే గాని, వెన్నెముక దెబ్బచే గాని వ్రేళ్లు కదలనివారికి 2013లో ఐఫోనున స్విచ్ కంట్రోల్ వచ్చెను. తెరపైని అంశములను ఫోను ఒక్కొక్కటిగా వెలిగించుచు పోవును. కావలసినది వెలిగినప్పుడు ఒక్క మీటను తలతోనో మోచేతితోనో తాకినచో చాలును. ఆండ్రాయిడునను ఇట్టి సాధనము కలదు. ఒక్క కదలిక మిగిలియున్న మనిషికి ఉత్తరము వ్రాయుట, డబ్బు పంపుట సాధ్యమైనవి. 2018, 2019 సంవత్సరములలో రెండు జాతుల ఫోనులకును నోటిమాటతో నడుపు సౌకర్యము చేరినది.

ఇక తెలుగు సంగతి. వ్రాసినట్లే పలుకు భాష కావున యంత్రమునకు తెలుగు సులభమే. ఐనను చిక్కులు లేకపోలేదు. 'చంద్రుడు', 'చల్ల' ఒకే అక్షరముతో మొదలైనను ఉచ్చారణ వేరు. ఏది తత్సమమో ఏది దేశ్యమో యంత్రమునకు తెలియదు. ఇది చిన్న లోపము. పెద్ద లోపము మన చేతలలో నున్నది. 1991లో వెలువడిన యూనికోడు ప్రథమ ప్రమాణమునందే తెలుగునకు స్థానము లభించెను. కాని అచ్చు వ్యవహారమున చాల కాలము ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ఆకృతుల నిమిడ్చిన ఫాంట్లే వాడబడెను. కంటికది తెలుగు, యంత్రమునకు అర్థరహితమైన ఆంగ్లాక్షరముల పోగు. ఫోను దానిని అట్లే పలుకును. అంతకన్న ఘోరము, సంతకమైన ఉత్తరువును ఫోటో తీసినట్లు స్కాను చేసి పంపుట. అందు అక్షరములు లేవు, బొమ్మ మాత్రమే కలదు. బొమ్మ నుండి అక్షరములను వెలికితీయు సాధనములున్నను, మసకబారిన ప్రతిపై, రబ్బరు ముద్ర పడిన వాక్యముపై అవి తడబడును.

శాసనములు వెనుకబడలేదు. 1995 నాటి చట్టము ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు 3 శాతము కేటాయించెను; 2016 నాటి చట్టము దానిని 4 శాతము చేసి, సమాచార సాధనములు సైతము అందరికి అందుబాటులో ఉండవలెనని విధించెను. 2012లో కాపీరైటు చట్టము సవరింపబడి, అంధులకు చదువ వీలగు ప్రతులు చేయుట నేరము కాదని తేలెను. అదే ఆశయముతో 2013లో కుదిరిన మరాకేష్ ఒడంబడికను 2014లో అందరికన్న ముందు ధ్రువీకరించిన దేశము మనది. 2025 ఏప్రిల్ 30న సుప్రీము కోర్టు, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగపు 21వ అధికరణమునందలి జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పెను. బ్యాంకు ఖాతా కొఱకు కెమేరా ముందు కన్ను ఆర్పుమని అడుగు పద్ధతి, కన్ను ఆర్పలేనివారికి ద్వారమును మూయుచున్నదని ఆ వ్యాజ్యమున వాదింపబడెను.

ఐనను చట్టము ఉద్యోగము నీయగలదు గాని, ఉద్యోగపు పనిని ఈయజాలదు. పరీక్ష నెగ్గి కుర్చీలో కూర్చున్న అంధోద్యోగి ముందు చదువరాని కాగితమును పెట్టినచో, ఆతడు పని చేతకానివాడని పేరుపడును. లోపము కాగితముది, అపకీర్తి మనిషిది. పదోన్నతి వేళ ఆ అపకీర్తియే పనితీరు నివేదికయగును. ఫోను పలుకుటకు సిద్ధముగా నున్నది. ఉత్తరువును యూనికోడున టైపు చేసి, ఆ మూల ప్రతిని స్కానుతో పాటు పంపుట, పట్టికలకు శీర్షికలు పెట్టుట, బొమ్మ క్రింద రెండు మాటల వివరణ చేర్చుట మన వంతు. ఇందులకు నిధుల మంజూరు అక్కరలేదు, పై అధికారి అనుమతి అక్కరలేదు. మన సంఘము వెలువరించు సంచికలను కూడ అట్లే అక్షరరూపమున అందించినచో, తెలుగు సాహిత్యము మన అంధ సోదరుల చెవికిని చేరును.