ఒకే సరస్సు, రెండు రిజర్వేషన్లు

ఓరెగన్ అంటే మనవాళ్లకి వాన, పచ్చటి అడవులు, పోర్ట్‌లాండ్, చిప్ కంపెనీల ఉద్యోగాలు. కాస్కేడ్ కొండలు దాటి తూర్పుకి వెళ్తే ఈ బొమ్మంతా తలకిందులవుతుంది. మేఘాలు కొండల అవతలే కురిసేస్తాయి కాబట్టి ఇటువైపు మిగిలేది బూడిదరంగు సేజ్ పొదలూ నల్లరాయీ ఎండిపోయిన ఉప్పు మడుగులూ. నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్న ఎడారి ఇది. ఇక్కడి హార్నీ కౌంటీ మన ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా పెద్దది. 2011 లెక్కల్లో అనంతపురం జనాభా 40 లక్షలు. హార్నీ కౌంటీలో ఉన్నది ఏడున్నర వేల మంది.

ఈ ఎడారి మధ్యలో 9,733 అడుగుల స్టీన్స్ కొండ ఉంది. పడమటి నుంచి ఎక్కుతుంటే కొండ ఎక్కుతున్నట్టే ఉండదు, మైళ్లకొద్దీ వాలు. తూర్పున మాత్రం ఎవరో కత్తితో కోసినట్టు మైలుకి పైగా లోతుకు, ఆల్వర్డ్ ఎడారిలోకి పడిపోతుంది. పడమటి వాలు మీద సుమారు ఏడు వేల నాలుగు వందల అడుగుల ఎత్తున ఫిష్ లేక్ అనే చిన్న సరస్సు, చుట్టూ ఆస్పెన్ చెట్లు, వాటి కింద గుడారాలు వేసుకునే చోటు. మంచు కరిగి దారి తెరిచేసరికి సాధారణంగా జూన్ చివరో జూలైయో అవుతుంది. దగ్గరి పల్లె ఫ్రెంచ్‌గ్లెన్. అక్కణ్ణుంచి పైకి కంకరరోడ్డే. కొండ మీద కరిగిన మంచు బ్లిట్‌జెన్ నదిగా ఉత్తరానికి పారి మల్‌హ్యూర్ సరస్సులో కలుస్తుంది. ఆ నదీ లోయ, ఆ సరస్సు కలిపి మల్‌హ్యూర్ జాతీయ వన్యప్రాణి రక్షిత కేంద్రం. పసిఫిక్ తీరపు వలసదారిలో పోయే పక్షులకు ఇదొక పెద్ద మజిలీ.

ఆగస్టులో కూడా అక్కడ రాత్రి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకోవాలి. పాలపుంత నెత్తి మీదే ఉంటుంది. స్టవ్ మీద ఉప్మా కలుపుతూ మా పెద్దమ్మ కొడుకు అన్నాడు: "అన్నయ్యా, మనుషులు ఎప్పుడూ కాలుపెట్టని చోటులా లేదూ?" ఇలాంటి చోట్లకి వచ్చిన ప్రతివాడూ అనే మాటే అది. ఆ ఖాళీ చూడ్డానికే కదా వస్తాం. కానీ ఈ ఖాళీ ఎప్పుడూ ఉన్నది కాదు. దానికి తారీఖులున్నాయి.

సరస్సు పేరుతోనే మొదలుపెట్టొచ్చు. మల్‌హ్యూర్ అంటే ఫ్రెంచిలో దౌర్భాగ్యం. 1820ల్లో ఈ ప్రాంతానికి వచ్చిన ఫ్రెంచి వేటగాళ్లు దాచుకున్న తోళ్లని ఎవరో ఎత్తుకుపోయారట. ఆ ఏడుపుతో ఒక నదికి ఆ పేరు పెట్టారు, అది సరస్సుకీ అంటుకుంది. దౌర్భాగ్యం అనుకున్నది వాళ్లు. అప్పటికే అక్కడ వేల ఏళ్లుగా ఉంటున్నవాళ్లు ఉత్తర పయూట్లు. వాళ్లలో ఈ సరస్సు చుట్టూ తిరిగేవాళ్లని వాడటిక అంటారు, అంటే వాడా గింజలు తినేవాళ్లు. వాడా ఈ సరస్సు ఒడ్డున మొలిచే చిన్న మొక్క. ఒక జాతి పేరే ఆ ఒడ్డున దొరికే తిండి పేరన్నమాట.

1872లో రెండు సంగతులు జరిగాయి. సెప్టెంబరులో అధ్యక్షుడు గ్రాంట్ పయూట్ల కోసం సరస్సుకు ఉత్తరాన మల్‌హ్యూర్ రిజర్వేషన్ ఏర్పాటు చేశాడు. దాని విస్తీర్ణం సుమారు 17.8 లక్షల ఎకరాలు. అదే ఏడు కాలిఫోర్నియా నుంచి పీటర్ ఫ్రెంచ్ అనే యువకుడు, హ్యూ గ్లెన్ అనే పెట్టుబడిదారు తరఫున, పన్నెండు వందల పశువుల్ని తోలుకుని బ్లిట్‌జెన్ లోయలో దిగాడు. ఫ్రెంచ్‌గ్లెన్ అన్న పేరు ఆ ఇద్దరిదీ. ఫ్రెంచ్ పావు శతాబ్దంలో లక్షకు పైగా ఎకరాలు పోగేశాడు. చివరికి 1897 డిసెంబరు 26న సరిహద్దు తగాదాలో ఒక చిన్న రైతు చేతిలో తుపాకీ గుండుకి పోయాడు. స్థానిక జ్యూరీ ఆ రైతుని వదిలేసింది. పెద్ద భూస్వామి మీద చిన్న రైతులకుండే కసి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. పశ్చిమం కథల్లో ఈ హత్యకి దొరికిన చోటు ఇంకే సంగతికీ దొరకలేదు. నాకు మాత్రం రిజర్వేషన్‌కి ఏమైందన్నదే అసలు కథ అనిపిస్తుంది.

దాన్ని మనకి చెప్పింది సారా విన్నముకా. పయూట్ నాయకుడి కూతురు, రిజర్వేషన్‌లో దుబాసీగా పనిచేసింది. 1883లో వచ్చిన ఆమె పుస్తకం అమెరికా మూలవాసి స్త్రీ ఇంగ్లీషులో రాసిన తొలి పుస్తకంగా పేరుపొందింది. ఆమె చెప్పినదాన్నిబట్టి శామ్యూల్ ప్యారిష్ అధికారిగా ఉన్నన్నాళ్లూ పయూట్లు కాలవ తవ్వుకున్నారు, పంటలు వేసుకున్నారు, పండించుకున్నది వాళ్లదే. 1876లో అతన్ని తీసేసి రైన్‌హార్ట్ అనేవాణ్ణి వేశారు. ఈ భూమి మీది కాదు, ప్రభుత్వానిది అన్నాడతను. చేసిన పనికి డబ్బు బదులు సరుకులిచ్చి, అవీ సరిగ్గా ఇవ్వకపోయేసరికి జనం ఆకలితో చెదిరిపోయారు. 1878 వేసవిలో పొరుగున ఉన్న బానక్ తెగవాళ్లు తిరగబడ్డారు. పయూట్లలో కొందరు ఇష్టంతో, కొందరు ఇష్టం లేకుండా అందులో కలిశారు, చాలామంది కలవనే లేదు. సారా సైన్యం పక్షాన దుబాసీగా ఉంది.

శిక్ష మాత్రం అందరికీ పడింది. 1879 జనవరి మంచులో ఐదు వందల మందికి పైగా పయూట్లని ఉత్తరాన యాకమాకి తోలారు. దూరం 350 మైళ్లు. ముసలివాళ్లూ పసిపిల్లలూ దారిలోనే పోయారు. అటూ ఇటూ మాట చేరవేసింది సారాయే. సొంతవాళ్ల కోపం కూడా ఆమె మీదే పడింది. తర్వాతి ఏడాది ఆమె వాషింగ్టన్ వెళ్లి అంతరంగిక శాఖ మంత్రి కార్ల్ షుర్జ్‌ని కలిసి, వాళ్లు వెనక్కి రావచ్చనే ఉత్తరం సంపాదించింది. యాకమా అధికారి దాన్ని ఖాతరు చేయలేదు. ఉత్తరం ఆమె చేతిలోనే ఉండిపోయింది. మనుషులు లేని రిజర్వేషన్ ఎందుకని దాన్ని ఎత్తేసి భూమిని బయటివాళ్లకి తెరిచారు. 1882, 83 నాటికి అంతా అయిపోయింది.

మనుషుల తర్వాత పక్షుల వంతు. అప్పుడు న్యూయార్క్, లండన్ దొరసానుల టోపీల మీద తెల్లకొంగ ఈకలు. గుడ్లు పెట్టే రోజుల్లో మాత్రమే వచ్చే సన్నటి ఈకలు కావాలి కాబట్టి గూళ్ల దగ్గరే తల్లుల్ని కాల్చేవాళ్లు, పిల్లలు ఆకలికి చచ్చేవి. 1903 ప్రాంతంలో వేటగాళ్లకి ఔన్సుకి 32 డాలర్లు పలికింది. బంగారం అప్పుడు 20 డాలర్ల చిల్లర. ఈ వ్యాపారం మన దేశాన్నీ తాకింది: 1902లో కర్జన్ ప్రభుత్వం అడవి పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించింది. మల్‌హ్యూర్‌లో ఆపేవాడు లేడు. 1908లో విలియం ఫిన్లీ, హెర్మన్ బోల్‌మన్ అనే ఫొటోగ్రాఫర్లు గాజుపలకల కెమెరాలు పడవలో వేసుకుని రెల్లుపొదల మధ్య వారాల తరబడి తిరిగారు. మిగతా పక్షులు బోలెడు. తెల్లకొంగల గూళ్లు మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఫిన్లీ పట్టుబట్టాడు. 1908 ఆగస్టు 18న థియొడోర్ రూజ్‌వెల్ట్ సంతకం పెట్టాడు. ఆ ఉత్తర్వులో పెట్టిన పేరు: లేక్ మల్‌హ్యూర్ రిజర్వేషన్.

పాతికేళ్ల కిందట మనుషుల దగ్గర లాక్కున్న మాటే పక్షులకి ఇచ్చారు. కావాలని చేసి ఉండరు, ఆ రోజుల్లో పక్షుల కేంద్రాలన్నిటికీ అదే పేరు. కావాలని చేయకపోవడమే నన్ను ఎక్కువ తొలిచేది. ఇలాంటి చోటుని మనం తెలుగులో అభయారణ్యం అంటాం. ఇక్కడ అరణ్యం లేదు సరే. అభయం ఇస్తానన్న చెయ్యి మాత్రం రెండుసార్లూ ఒకటే, అమెరికా అధ్యక్షుడిది. గ్రాంట్ మాట పదేళ్లు నిలిచింది. రూజ్‌వెల్ట్ మాట ఇంకా నిలిచే ఉంది. ఫిన్లీ పని చిన్నదని నేననను. ఇవాళ అక్కడ తెల్లకొంగలు వాలుతున్నాయంటే అది ఆయన పుణ్యమే.

నిలవడం కూడా తేలిగ్గా ఏమీ కాలేదు. 1908లో సరస్సునైతే కాపాడారు గానీ దానిలోకి వచ్చే నీళ్లని కాపాడలేదు. ఎగువ నదీ లోయ ఫ్రెంచ్ పాత ఆస్తి, చేతులు మారి మాంసం కంపెనీ స్విఫ్ట్‌కి చేరింది. వాళ్ల గడ్డిపొలాలకి పోగా మిగిలిందే పక్షులకి. కాలవ చివరి రైతుకి ఈ బాధ తెలుసు. 1934 కరువులో సరస్సు ఎండిపోయింది. 1935లో ప్రభుత్వం ఆ లోయలో 65 వేల ఎకరాలు కొంటేగానీ నీళ్లు రాలేదు. తర్వాత కామన్ కార్ప్ చేప చొరబడి అడుగంతా కలియతిప్పి బాతులు తినే నాచుని నాశనం చేసింది. మన చెరువుల్లో ప్రేమగా పెంచుకునే బంగారుతీగే అది!

1980ల్లో మంచు విపరీతంగా పడి సరస్సు ఎన్నో రెట్లు పొంగింది. నీళ్లు తీశాక ఒడ్డున పాత ఊళ్ల ఆనవాళ్లు బయటపడ్డాయి, మనుషుల ఎముకలు కూడా. యాకమా నుంచి దొంగచాటుగా ఒక్కొక్కరే తిరిగొచ్చిన పయూట్ల మనుమలు అప్పటికి బర్న్స్ పట్టణం అంచున ఉంటున్నారు. 1969లో పోయిన భూమికి పరిహారంగా తలా కొన్ని వందల డాలర్లిచ్చారు, అదీ పంతొమ్మిదో శతాబ్దపు ధరకి. 1972లో, సరిగ్గా నూరేళ్లకి, మళ్లీ రిజర్వేషన్ ఇచ్చారు. ఈసారి వెయ్యి ఎకరాలు కూడా లేదు.

2016 జనవరి 2న తుపాకులు పట్టుకున్న కొందరు, ఆమన్ బండీ నాయకత్వంలో, పక్షుల కేంద్రం ఆఫీసుని ఆక్రమించారు. ప్రభుత్వం లాక్కున్న భూమిని అసలు హక్కుదారులకి, అంటే పశువుల రైతులకీ కౌంటీ జనానికీ, తిరిగివ్వాలని వాళ్ల డిమాండు. 41 రోజులు సాగింది, ఒకాయన పోలీసుల కాల్పుల్లో పోయాడు. అసలు హక్కుదారులన్న మాట విని పయూట్ పెద్దలు నవ్వారో ఏడ్చారో గానీ, విలేకరుల్ని పిలిచి ఈ భూమిని మేమెప్పుడూ వదులుకోలేదని చెప్పారు. వాళ్ల పూర్వీకుల వస్తువులు వేలల్లో ఆ ఆఫీసు గదుల్లోనే, ఆక్రమించినవాళ్ల చేతుల కింద ఉన్నాయి. ఫిబ్రవరి 11న అందరూ బయటికొచ్చాక చూస్తే, వాళ్లు యంత్రాలతో తవ్విన కొత్త దారి, గోతులు పయూట్ల పాత ఊరి మీదుగానే వెళ్లాయి.