ఏకసెంట్రోమియరత్వము: ఈస్టు కణవిభజనయందు క్రోమోజోముల స్థిరత్వము

రొట్టెపిండిని పొంగించు ఈస్టు, అనగా శాక్రోమైసిస్ సెరివిసియే, అనుకూల పరిస్థితులలో రమారమి తొంబది నిముషములకొకసారి మొగ్గ తొడిగి రెండగుచుండును. ఆ స్వల్పకాలముననే తన 16 క్రోమోజోములకును ప్రతికృతులను నిర్మించుకొని, ఒక్కొక్క జంటలో ఒకదానిని తల్లికణమునకును వేరొకదానిని పిల్లకణమునకును పంచియిచ్చును. ఈ పంపకమున ఒక క్రోమోజోము దారితప్పుట లక్ష విభజనలకు ఒకమారు సంభవించునంతటి అరుదైన విషయము. ఇంతటి కట్టుదిట్టమునకు ఆధారమైన సెంట్రోమియరు, క్రోమోజోములను ధ్రువములకు లాగు కండెపోగును ఎంత గట్టిగా పట్టుకొనునను ప్రశ్నకంటె, అది క్రోమోజోమునకు ఒక్కటే యగుటయు, తప్పుపట్టును విడువగలుగుటయు మిక్కిలి విచారణీయములని నా అభిప్రాయము.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా శాఖలో లూయీజ్ క్లార్క్, జాన్ కార్బన్ అను శాస్త్రజ్ఞులు 1980లో మూడవ క్రోమోజోమునుండి సి.డి.సి.10 జన్యువు చెంతనున్న సెంట్రోమియరును వేరుచేసిరి. ప్రతికృతి ప్రారంభస్థానము మాత్రమే గల ప్లాస్మిడు కణములో ప్రతులను పెంచుకొనునే గాని, విభజనవేళ తల్లికణమునందే నిలిచిపోవుచు త్వరలో నశించును. దానికే ఈ తునుకను చేర్చినంతనే అది ఒక చిన్న క్రోమోజోమువలె వర్తించి ఇరుకణములకును చేరసాగెను. వంశద్రవ్యపు పంపకమును శాసించు శక్తి ఇంత చిన్న తునుకలో ఇమిడియుండుట నాకిప్పటికిని ఆశ్చర్యమునే కలిగించుచున్నది.

మానవకణములందు సెంట్రోమియరు లక్షలకొలది క్షారజంటలమేర వ్యాపించియుండగా, ఈ ఈస్టునందు దాని నిడివి సుమారు 125 జంటలు మాత్రమే. అందు మొదటిభాగము 8 జంటలది. నడిమిభాగము ఎనుబదింటికి అటునిటు నిడివి గలిగి, నూటికి తొంబదిపాళ్లకు పైగా అడెనిన్, థైమిన్‌లతో నిండియుండును. మూడవభాగము ఇరువదియైదు జంటల ప్రాంతమున నుండును. మొదటిదానిని తొలగించినను సెంట్రోమియరు కొంత కుంటువడి పనిచేయును. మూడవదాని నడుమనున్న సి.సి.జి. అను మూడక్షరములలో కీలకమైనదొక్కటి మారినను దాని పని పూర్తిగా నిలిచిపోవును, ఏలయన, సి.బి.ఎఫ్.3 అను ప్రోటీనుల సముదాయము వచ్చి కూర్చుండుచోటదియే.

విభజనయందలి క్రోమోజోము నష్టమును కంటితో చూచుటకు ఫిలిప్ హైటర్ ప్రభృతులు 1985లో వర్ణపరీక్ష నొకదానిని ప్రకటించిరి. అడెనిన్ నిర్మాణమార్గము తెగిన ఈస్టు సమూహములు ఎఱ్ఱబారును. ఆ లోపమును కప్పిపుచ్చు జన్యువును పరీక్షించు క్రోమోజోముపై నుంచినచో, ద్వయస్థితిక కణమునందు ఒక ప్రతియున్న సమూహము గులాబిరంగును, రెండున్నది తెల్లదనమును పొందును. మొదటి విభజనయందే తప్పు జరిగిన సమూహము పళ్లెముపై నడిమికి చీలినట్లు రెండు రంగులుగా కానవచ్చును: సగము గులాబి, సగము ఎఱుపైనచో ఒక ప్రతి నశించినదనియు, సగము తెలుపు, సగము ఎఱుపైనచో రెండును ఒకేవైపునకు పోయినవనియు అర్థము. ఒక్క చూపుతో నష్టమును, రెండు ప్రతులును ఒకేవైపునకు పోవు అపవిభాగమును వేరుపరుపగల యింతటి సులభోపాయము జన్యుశాస్త్రమున అరుదు.

ఒక క్రోమోజోముపై రెండు సెంట్రోమియర్లున్నచో అవి చెరియొక ధ్రువమునకు లాగబడి, నడుమనున్న భాగము తెగిపోవును. ఇట్టి తెగుటను మొక్కజొన్నయందు బార్బరా మెక్‌క్లింటాక్ ఈస్టు ప్రయోగములకు ముందే గమనించియుండెను. ఈస్టునందు దీనిని ఇచ్ఛానుసారము పరిశీలించుటకు వీలుగా 1987లో హిల్, బ్లూమ్ అనువారు సెంట్రోమియరు ప్రక్కన గాలక్టోజుచే మేల్కొను జన్యునియంత్రకము నుంచి, గాలక్టోజు ఆహారముగా నిచ్చినపుడు సెంట్రోమియరు నిద్రించునట్లును, గ్లూకోజు నిచ్చినపుడు మేల్కొనునట్లును చేయగలిగిరి.

సెంట్రోమియరుపై సామాన్య హిస్టోన్-3కు బదులు సి.ఎస్.ఇ.4 అను ప్రత్యేక హిస్టోను గల న్యూక్లియోసోము నెలకొనును. దానిపై కైనిటోకోరు అను ప్రోటీనుల కూర్పు నిర్మితమై ఒకే ఒక సూక్ష్మనాళికను, అనగా కండెపోగును, పట్టుకొనును. సోదరక్రొమాటిడ్లు కొహీసిన్‌చే బంధింపబడి యుండుటచే, అవి ఎదురెదురు ధ్రువములనుండి వచ్చిన పోగులను పట్టినపుడే వాటి నడుమ బిగువేర్పడును. బిగువులేని పట్టును ఐ.పి.ఎల్.1 అను కైనేసు విడిపించి, మరల పట్టుటకు అవకాశము కల్పించును; 1991లో కనుగొనబడిన మాడ్, బబ్ జన్యువుల ప్రోటీనులు అంతదాక విభజనను ఆపియుంచును. 2010లో స్యూ బిగ్గిన్స్ ప్రయోగశాలవారును సహకారులును ఈస్టునుండి శుద్ధిచేసిన కైనిటోకోర్లను సూక్ష్మనాళికలకు తగిలించి లాగి చూడగా, స్వల్పముగా లాగినపుడు శీఘ్రముగా ఊడిపోయిన పట్టు, మితముగా లాగినపుడు అంతకంటె ఎక్కువకాలము నిలిచినది.