డెవాప్స్ అనగా ఏమి?

సాఫ్ట్‌వేర్ సంస్థలలో చిరకాలంగా రెండు వర్గాలుండేవి. ప్రోగ్రాములు రాసేవారిది డెవలప్‌మెంట్ వర్గం. వాటిని సర్వర్లపై నిలిపి రేయింబవళ్లు కనిపెట్టి ఉండేవారిది ఆపరేషన్స్ వర్గం. మొదటివారు మార్పు కోరతారు, రెండవవారు నిలకడ కోరతారు. తగవంతా అక్కడే. ఆ రెండు పేర్ల కలయికే డెవాప్స్.

2009 జూన్‌లో అమెరికాలోని శాన్‌హోసేలో జరిగిన వెలాసిటీ సదస్సులో, ఛాయాచిత్రాల వెబ్‌సైటు ఫ్లికర్‌కు చెందిన జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ తమ సంస్థ రోజుకు పదికి పైగా మార్పులు విడుదల చేస్తున్నదని వివరించారు. నెలల తరబడి కూడబెట్టి ఒక్కసారిగా విడుదల చేయడమే పలుచోట్ల ఆనవాయితీగా ఉన్న ఆ రోజులలో ఇది సాహసమే. అదే ఏడాది అక్టోబరులో బెల్జియంలోని ఘెంట్‌లో పాట్రిక్ డెబ్వా నిర్వహించిన డెవాప్స్ డేస్ సమావేశంతో ఈ పేరు వాడుకకెక్కింది.

వేగం కన్నా మార్పు చిన్నదై ఉండడమే ఇందులో కీలకం. చెడితే దేనివల్ల చెడినదో త్వరగా తెలుస్తుంది, వెనక్కు తీసుకోవడమూ సులువు. కొత్త సదుపాయాన్ని తొలుత కొద్దిమందికే ఇచ్చి, పేజీ ఎంత ఆలస్యంగా తెరుచుకొన్నదో, వారు ఎక్కడ విసిగి వదలివేశారో గమనించవచ్చు. అర్ధరాత్రి సర్వరు నిలిచిపోతే, పలు సంస్థలలో ఇప్పుడు ఫోను మోగేది ప్రోగ్రాము రాసినవారి వద్దనే. వాడుకరి ఇక్కట్లు వారికి నేరుగా తెలిసేది అప్పుడే.

బెంగళూరు, చెన్నై ఉద్యోగ ప్రకటనలలో ‘డెవాప్స్ ఇంజనీరు’ అని కనిపించినా, నిజానికి ఇది ఒకరి కొలువు పేరు కాదు, ఇరువర్గాలు కలసి పనిచేసే పద్ధతి.