దీపం ముందు తెల్లని పరికిణీ

1928లో రష్యన్ నర్తకీమణి అన్నా పావ్లోవా మన దేశానికి వచ్చినప్పుడు, బొంబాయిలో ఆమె నృత్యాన్ని చూచి ముగ్ధులైన వారిలో రుక్మిణీదేవి ఒకరు. ఆ పరిచయం రుక్మిణీదేవిని నాట్యకళ వైపు త్రిప్పినదన్న సంగతి మనలో చాలమందికి తెలిసినదే. పావ్లోవా పేరు చెప్పగానే స్మరణకు వచ్చేది ఆమె ధరించిన తెల్లని దుస్తు. పొరలు పొరలుగా వలగుడ్డ, బిగుతైన రవిక, కాలికి శాటిన్ జోడు. బ్యాలే అన్న మాట వినగానే లోకమంతటా మనస్సులో మెదిలే రూపం అదియే. ఆ రూపం పావ్లోవాతో పుట్టినది కాదు. విక్టోరియా రాణి ఇంగ్లండును పాలించిన 1837-1901 సంవత్సరాల మధ్య అది క్రమంగా ఏర్పడినది. దాని చరిత్రలో దర్జీకి ఎంత పాలు ఉన్నదో మరమగ్గానికి, దీపానికి, రసాయన శాస్త్రానికి కూడ అంత పాలు ఉన్నది. కొందరు నర్తకీమణుల ప్రాణాలు కూడ అందులో చేరి ఉన్నవి.

పదునెనిమిదవ శతాబ్దంలో బ్యాలే నర్తకి దుస్తు రాజసభలలోని స్త్రీల దుస్తుకు ఇంచుమించు ప్రతిబింబం. బరువైన పట్టు, జరీ, చుట్టూ కమ్మీలతో నిలిపిన వెడల్పైన పరికిణీ. పాదాల కదలిక కనబడవలెనని మారీ కామార్గో అనే ఫ్రెంచి నర్తకి పరికిణీని కొన్ని అంగుళాలు కురచచేసినందుకే ఆనాడు పెద్ద చర్చ జరిగినది. అసలైన మార్పు 1832 మార్చి 12వ తేదీన, పారిస్ ఆపెరాలో ప్రదర్శించిన ‘లా సిల్ఫీద్’ అనే బ్యాలేతో వచ్చినది. అందులో మారీ తాల్యోనీ గాలిలో తేలిపోయే ఒక వనకన్య పాత్రను ధరించినది. గంట ఆకారంలో, పిక్కల మధ్యవరకు దిగే తెల్లని పలుచని పరికిణీ, వీపున చిన్న రెక్కలు. ఆభరణాల ఆర్భాటం ఏమియు లేదు. మనిషికి బరువు లేదన్న భ్రమ కలిగించడమే ఆ దుస్తు చేయవలసిన పని. అయిదేండ్లకు విక్టోరియా సింహాసనం అధిష్ఠించేనాటికి ఐరోపా రంగస్థలాలన్నిటా ఈ తెలుపే మర్యాద అయినది.

అంత గుడ్డ అంత చౌకగా ఎక్కడినుండి వచ్చినది? ఒకప్పుడు ఐరోపా స్త్రీలకు సన్నని మస్లిన్ అంటే ఢాకా మొదలైన మన దేశపు మగ్గాలనుండి పోయిన సరుకు. పందొమ్మిదవ శతాబ్దం నాటికి ఇంగ్లీషు మిల్లులు ఆ స్థానాన్ని ఆక్రమించినవి. వలగుడ్డ సంగతి కూడ అంతే. చేతితో నెలల తరబడి అల్లే వలను యంత్రం మీద నేయవచ్చునని జాన్ హీత్‌కోట్ 1809 నాటికి నిరూపించినాడు. 1816లో యంత్ర విధ్వంసకులు లఫ్‌బరోలోని ఆయన కర్మాగారంపై పడి యంత్రాలను పగులగొట్టగా, ఆయన టివర్టన్ అనే ఊరికి తరలిపోయి అక్కడ పని సాగించినాడు. ఈ విధంగా రాణుల మేలిముసుగులకు మాత్రమే అందిన వల, బృందంలో చివరి వరుసలో నిలిచే పేద పిల్ల నడుముకు కూడ దిగివచ్చినది. దానితోపాటు టార్లెటన్ అనే పలుచని నూలుగుడ్డను గంజిపెట్టి, కుచ్చిళ్లు పోసి, ఒక పొరపై మరియొక పొర వేసి కుట్టేవారు. పైన తిమింగలం దవడలోని పలకలను చీల్చిన బద్దలతో బిగించిన రవిక, లోపల నడుము వరకు వచ్చే గులాబిరంగు మేజోళ్లు. జోడులో నేటివలె గట్టి ముందుభాగం ఉండేది కాదు. శాటిన్ చెప్పు కొనను దారంతో దట్టంగా కుట్టుకొని, తన వ్రేళ్ల బలంతోనే నర్తకి మునివ్రేళ్లపై నిలిచేది.

ఈ తెలుపు వెలిగినది గ్యాసు దీపాల కాంతిలో. లండను నాటకశాలలు 1817లోను, పారిస్ ఆపెరా 1822లోను గ్యాసును ప్రవేశపెట్టినవి. మర త్రిప్పితే వెన్నెల, ఇంకొంచెము త్రిప్పితే పట్టపగలు. 1841లో వెలసిన ‘జిసెల్’లో శ్మశానవాటికలో తిరిగే కన్యల ప్రేతాలు మసక వెలుగులో తేలివచ్చే దృశ్యం ఈ దీపాలు లేనిదే ఊహకు అందదు. 1845 జూలై 12వ తేదీన లండనులోని హర్ మెజెస్టీస్ థియేటరులో తాల్యోనీ, గ్రీసీ, చెరీటో, గ్రాన్ అనే నలుగురు మేటి నర్తకీమణులు ఒకే వేదికపై నర్తించినప్పుడు రాణిగారు కూడ తరువాతి ప్రదర్శన ఒకటి తిలకించినారు.

అయితే ఆ దీపాలకు తగిన ఆచ్ఛాదన ఉండేది కాదు. వేదిక అంచున పాదదీపాలు, ప్రక్కతెరల వెనుక నిలువు వరుసలలో మంటలు. ఇటు నర్తకి నడుము చుట్టూ పొరపొరకు నడుమ గాలి నింపుకొన్న నూలుగుడ్డ. పొయ్యి రాజవేయుటకు ఎండుటాకులు ఎట్లో, మంటకు ఆ పరికిణీ అట్లు. 1844 డిసెంబరు 14వ తేదీ రాత్రి డ్రూరీలేన్ నాటకశాలలో క్లారా వెబ్‌స్టర్ అనే యువ నర్తకి దుస్తుకు వేదికపైనే దీపం అంటుకొన్నది. తోటి నర్తకీమణులు ఆమెను సమీపించలేకపోయినారు. వారు ధరించినది కూడ అటువంటి గుడ్డయే కదా! మూడు దినాలకు ఆమె మరణించినది. 1861 సెప్టెంబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వేషధారణ గదిలో అంటుకొన్న మంటకు గేల్ సోదరీమణులు, వారిని కాపాడబోయిన తోటి నర్తకులు పలువురు బలియైనారు.

అన్నిటికంటె లోకాన్ని కలచివేసినది ఎమ్మా లీవ్రీ కథ. ఆమె తాల్యోనీకి ప్రియశిష్యురాలు. 1860లో గురువు ఆమెకొరకే ‘సీతాకోకచిలుక’ అనే అర్థం వచ్చే బ్యాలేను కూర్చినది. అందులో నాయిక సీతాకోకచిలుకగా మారి, దివిటీ వెలుగుకు ఆకర్షితమై రెక్కలు కాల్చుకొంటుంది. రెండేండ్లకు, 1862 నవంబరు 15వ తేదీన, పారిస్ ఆపెరాలో ఒక పూర్వప్రదర్శనలో తన వంతుకొరకు వేచియుండి, కూర్చొనబోతూ నలగకుండా పరికిణీని పైకెత్తి విదిలించినది. ఆ గాలికి ప్రక్కనున్న గ్యాసు మంట రేగినది. ఎనిమిది నెలలు యాతనపడి, 1863 జూలై 26న ఇరువదియేండ్ల వయస్సులో ఆమె కన్నుమూసినది.

దీనికి నివారణ లేకపోయినదా అని మీరు అడుగవచ్చును. లేకేమి? గే-లుసాక్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు 1821లోనే అమ్మోనియం ఫాస్ఫేటు, నవాసాగరం, వెలిగారం కలిపిన నీటిలో గుడ్డను ముంచితే మంట ప్రాకదని చెప్పినాడు. 1859లో ఇంగ్లండులో వెర్స్‌మన్, ఓపెన్‌హైమ్ అనే ఇద్దరు పలు లవణాలను పరీక్షించి, ఇస్త్రీ చేసినను చెడనిది సోడియం టంగ్‌స్టేటు అని తేల్చినారు. ఆ సంవత్సరం నవంబరులోనే ఫ్రాన్సు ప్రభుత్వం రంగస్థల దుస్తులన్నిటిని మంట అంటని మందులో ముంచవలెనని శాసించినది. కాని ముంచిన గుడ్డ బిరుసెక్కేది. తెలుపు మాసినట్లు కనిపించేది. లీవ్రీ అటువంటి పరికిణీని ధరించనని, వచ్చే ఆపదకు తానే బాధ్యురాలినని ఆపెరా అధికారులకు వ్రాసి ఇచ్చినది.

ఆమెను మూర్ఖురాలని తీసివేయడం సులభం. కాని ఆమె పక్షాన కూడ చూడవలసినది ఉన్నది. నర్తకికి జీవనాధారం ఆ తేలికదనమే. ప్రేక్షకుడు డబ్బిచ్చి చూడవచ్చినది దానినే. విమర్శకుడు మెచ్చుకొన్నది దానినే. పరికిణీ బిరుసైతే, ఆ రాత్రి తప్పు పరికిణీది అనేవారు లేరు; నర్తకి బరువెక్కినదనేవారు. అందము ఒకరికి, అపాయము వేరొకరికి అయిన చోట శాసనం ఒక్కటే చాలదు.

చివరకు ఈ ప్రమాదాన్ని తగ్గించినవాటిలో ముఖ్యమైనది దీపంలో వచ్చిన మార్పు. 1881లో లండనులో తెరచిన సవాయ్ థియేటరు పూర్తిగా విద్యుద్దీపాలతో వెలిగినది. మరుసటి సంవత్సరం ‘అయొలాంథే’ అనే గేయనాటకంలో వనదేవతలు తలపై చిన్న విద్యుద్దీపాలు ధరించి వేదికపైకి వచ్చినారు. ఏ వెలుగుకు నర్తకి వెరచి దూరంగా తొలగవలసి వచ్చెనో, ఆ వెలుగే ఇప్పుడు ఆమెకు తలపూవు అయినది.

అటుపిమ్మట దుస్తు త్వరత్వరగా మారినది. 1880లలో ఇటలీ నర్తకీమణులు కష్టమైన చక్రభ్రమణాలను ప్రవేశపెట్టినారు. కాళ్లు కనబడవలెను గనుక పరికిణీ మోకాలికి, ఆపై ఇంకా పైకి పోయినది. దానికి ‘టూటూ’ అనే పేరు ఈ కాలంలోనే వాడుకలోకి వచ్చినది. జోడు కొన గట్టిపడినది. గాలిలో వ్రేలాడే ఊయలపై విన్యాసాలు చేసిన ఫ్రెంచివాడు జూల్ లెయొతార్ ధరించిన అంటుదుస్తు అతని పేరుతోనే నేటికి నర్తకుల అభ్యాసవస్త్రమై నిలిచినది. లండనులోని అల్‌హంబ్రా, ఎంపైర్ శాలలలో పురుషపాత్రలను కూడ మేజోళ్లు తొడిగిన స్త్రీలే ధరించేవారు. 1894లో ఆర్మిస్టన్ చాంట్ అనే సంఘసంస్కర్త్రి ఎంపైర్ శాలలోని దుస్తులను, అక్కడి విహారస్థలాన్ని ఆక్షేపించగా నగరమంతా రెండు పక్షాలైనది. అక్కడ కట్టిన అడ్డుతెరలను పెరికివేసిన యువకులలో విన్‌స్టన్ చర్చిల్ ఒకడు. పరికిణీ పొడుగును గూర్చి పోరాడుటకు లోకానికి ఉన్నంత ఉత్సాహం, అది అంటుకొనునా లేదా అన్న విషయంలో ఏనాడు కనబడలేదు.

లీవ్రీ దుస్తులో కాలక మిగిలిన పేలికలను పారిస్ ఆపెరా ప్రదర్శనశాలలో భద్రపరచినారు. ఆమె ప్రసిద్ధురాలు. లండనులో సెయింట్ పాల్ దేవాలయానికి సమీపాన పోస్ట్‌మన్స్ పార్కు అనే చిన్న ఉద్యానవనం ఉన్నది. ఇతరులకొరకు ప్రాణాలర్పించిన సామాన్యుల పేర్లను పింగాణీ పలకలపై వ్రాయించవలెనని చిత్రకారుడు జి. ఎఫ్. వాట్స్ సంకల్పించగా, 1900లో అక్కడ ఒక చావడి వెలసినది. ఆ పలకలలో ఒకటి సారా స్మిత్ అనే నాటకశాల పిల్లది. 1863 జనవరిలో తోటి నర్తకిని మంటలు చుట్టుముట్టగా, తాను ధరించినది కూడ ఇట్టే అంటుకొనే గుడ్డయేనని ఎరిగియు, ఆర్పుటకు పరుగెత్తి ఆమె కూడ మరణించినది. ఏ బ్యాలేలోను ఆమె నాయిక కాదు. తెల్లని దుస్తుల బృందంలో ఆమె ఒకతె.